‘నిల్’ అని రాసిన చిట్టీ

బొంతపల్లి
21-6-1976

చెల్లె హైమకు,

ఉగాదికి నువ్వు రాసిన కార్డుకు ఇప్పటిదాంక జవాబియ్యలె. కోపం పట్టకు. నెలకు ఇన్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కేసులు తేవాలెనని పై ఆఫీసు నుంచి ఒకటే తాకీదులు. నన్ను జూస్తె ఆడోళ్లు తలుపులు బిగించుకుంటున్నరు. ఆరేండ్ల సంది ఈ ఊర్ల పురుళ్లు పోసిన. గా చేతులను జూసే ఇప్పుడు భయపడుతున్నరు. పొద్దుగాల లేసుడే అలిసిపోయి లేస్తున్న హైమా.

గాని నేను రాద్దామనుకున్నది గిది గాదు. మనం హాస్టల్ల రెండేండ్లు ఒక్క రూముల ఉన్నం. నేను నర్సు పని నేర్చుకున్న, నువ్వు ల్యాబు పని నేర్చుకున్నవ్. గప్పటి సంది నిన్నొక్కటి కూడ అడగలె. ఇప్పుడు అడుగుతున్న.

మా ఊర్ల పోచయ్య అని ఒక పిలగాడున్నడు, ఇరవై నాలుగేండ్లుంటయి. మీ ఫ్యాక్టరీ కొత్త షెడ్లకు భూమి పోయినోళ్లల్ల వీళ్లొకరు. ఇంటికొక నౌకరి అన్నరు గద. ఏప్రిల్ల మెడికల్‌కు పోతే రక్తం తక్కువున్నదని అన్‌ఫిట్ చేసిన్రు. భూమి పోయె, నౌకరి రాకపాయె. ఇప్పుడు వేరేటోళ్ల కూరగాయల మడ్లల్ల కూలికి పోతున్నడు. నాలుగు బిందెలు మోస్తె కూసుంటడు. మీ దవాఖాన చిట్టీ నాకు చూపిచ్చిండు. ‘మోషన్: నిల్’ అని, అంటె కడుపుల పురుగుల్లేవని ఉన్నది. నీ చేతిరాత నేను గుర్తుపట్టనా?

ఆయన పెండ్లాం దేవమ్మకు ఆరో నెల. కనురెప్ప గుంజి సూస్తె తెల్లగ పాలిపోయి ఉన్నది. గోడ మన్ను గీక్కొని తింటది. కాళ్లు పొంగినయి. అత్త రాజవ్వ, ఎవరో చేతబడి చేసిన్రని బొంతపల్లి వీరభద్రునికి ముడుపు కట్టింది.

ఒక్క ఇంట్ల ఇద్దరికి ఒక్క తీరుగ రక్తమెందుకు పోతది? నాకు పురుగులనే అనుమానం. గాని నువ్వు సూసి లేదన్నవ్. నువ్వు లేదంటె లేనట్టే. మరి ఇంకేందో నువ్వే చెప్పు.

మీ ఆయనను అడిగినట్టు చెప్పు.

నీ అక్క
కౌసల్య

*

పటాన్‌చెరు
28-6-1976

కౌసల్యక్కకు,

నీ ఉత్తరం అందింది. ఆయన సెకండ్ షిఫ్టుకి వెళ్ళాక కూర్చుని రాస్తున్నాను. ఈ క్వార్టర్లకొచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ మా తణుకు వైపు వాన వాసన వేరు, ఇక్కడిది వేరు అనిపిస్తుంది. ఇక్కడ మొదటి చినుకుకి పొగ కంపు లేస్తుంది.

నీకున్నట్టే నాకూ ఒళ్ళు అలసట. డిస్పెన్సరీలో ల్యాబ్ అంటే నేనొక్కదాన్నే. మైక్రోస్కోపు ఒకటే. దానికి బల్బు లేదు, కిటికీ దగ్గర పెట్టి అద్దం తిప్పుకుంటూ ఎండ వెలుతురుతో చూడాలి. మబ్బు పడితే పని ఆగుతుంది, డాక్టర్ రామలింగేశ్వరరావుగారి కేకలు మాత్రం ఆగవు. కొత్త యూనిట్‌కి మనుషుల్ని తీసుకుంటున్న రోజుల్లో ఒక్కో పూట అరవై మంది వచ్చేవారు.

పోచయ్య సంగతి రిజిస్టరు తీసి చూశాను. ఏప్రిల్ పద్నాలుగు. రక్తం ఆరున్నర గ్రాములు, మోషన్ నిల్. ఆ రాత నాదే. రక్తం తగ్గడానికి పురుగులే ఉండాలని లేదు కదక్కా. సరైన తిండి లేని ఇళ్ళలో రక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది?

దేవమ్మది మాత్రం పంపించు. పాత పెన్సిలిన్ సీసా మరిగే నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, వేలి కొసంత తీసుకుంటే చాలు. ఆ రోజుదే కావాలి. మర్నాటికి గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చేస్తాయి, పోల్చుకోవడం కష్టమవుతుంది.

పోచయ్యది మళ్ళీ అక్కర్లేదు. ఒకసారి చూశాం కదా.

ఆరోగ్యం జాగ్రత్త.

హైమావతి

*

బొంతపల్లి
6-7-1976

హైమా,

ఈ ఉత్తరం, సీసా రెండూ పోచయ్య చేతికే ఇచ్చి పంపుతున్న. కండక్టరు సోమయ్యను అడిగితె, సీసల ఏమున్నదమ్మ అన్నడు. చెప్పిన. “నా బస్సుల గసొంటిదా? వద్దమ్మ” అని దండం వెట్టిండు.

గీ వేలి కొసంత కోసం నాలుగు రోజులు తిరిగిన. సీసలకు తీసుకున్నంక ఆపరేషన్‌కు పట్టుకపోతరని దేవమ్మకు ఎవరో చెప్పిన్రట. లోపల గొళ్లెం వెట్టుకున్నది. రాజవ్వ గడపల నిలవడి నన్ను కడిగేసింది.

“గందుల ఏముంటదే? మనిషి నసీబు గందుల సూస్తరా?”

“నసీబు గాదవ్వ, పురుగు సూస్తరు.”

“నా కొడుకుది సూసిన్రు గద. ఏం లేదని రాసిచ్చిన్రు గద. మల్ల నా కోడలి మీద వడ్డరా?”

ఆఖరికి దేవమ్మే తలుపు తీసి, “అక్కా, మంచం మీదికెల్లి లేస్తె కండ్లు చీకట్లు కమ్ముతున్నయి. సూపియ్యి” అన్నది.

ఇంకొకటి. ఆ మడ్ల పక్క పొదలల్లకే అందరు చెంబు పట్టుకొని పోతరు. గదే బురదల వీళ్లు చెప్పులు లేకుంట దినమంత నిలవడుతరు. నాట్ల కాలం వస్తె వేళ్ల సందుల దురద, బొబ్బలు. నేల కాటు అంటరు దాన్ని. ఇద్దరికి పోయినేడు బాగ అయిందట.

దేవమ్మను నాలుగో నెలల ఒకసారి సూసిన. గప్పుడే రెప్పలు తెల్లగున్నయి. మల్ల వస్తనని చెప్పి, కేసుల వెంట తిరుగుకుంట మర్చిపోయిన. గది నీకు గాక ఎవ్వరికి చెప్పను?

కౌసల్య

*

పటాన్‌చెరు
9-7-1976

అక్కా,

దొరికింది.

మామూలుగా ఒక చుక్క సెలైన్‌లో కలిపి చూస్తే రెండు కనిపించాయి. నాకు నమ్మకం చాలక ఉప్పునీటి పద్ధతి చేశాను. ఇక కరగదు అన్నంత ఉప్పు కలిపిన నీళ్ళు, సీసా అంచుదాకా నింపి, పైన గాజు పలక ఆనించి ఇరవై నిమిషాలు వదిలేయడం. బరువైన మట్టి అడుక్కి దిగుతుంది, గుడ్లు తేలికవి కాబట్టి పైకొచ్చి గాజుకి అంటుకుంటాయి. పలక తిప్పి చూస్తే, వెలుతురు పడ్డ ప్రతిచోటా ఎనిమిదీ పదీ. కోలగా, పల్చటి పెంకుతో, లోపల నాలుగు ముద్దలు, ముద్దలకీ పెంకుకీ మధ్య గాజులాంటి ఖాళీ. కొంకి పురుగు. ఇందులో సందేహం లేదు. ఆ పురుగులు పేగుకి కరుచుకుని రోజూ రక్తం తాగుతున్నాయి. అవి పాదం చర్మం లోంచే ఒంట్లోకి దూరతాయి. నువ్వు రాసిన నేల కాటు అదే.

దేవమ్మకి ఏడో నెల వస్తోంది కనుక పురుగు మందు మనంతట మనం ఇవ్వకూడదు. హైదరాబాదు పెద్దాసుపత్రిలో చూపించు. ముందు రక్తం సంగతి వాళ్ళు చూడాలి. ఆలస్యం చెయ్యకు.

పోచయ్యది కూడా పంపించు. అవసరం లేదని క్రితం సారి రాశాను. పంపించు.

అతను డిస్పెన్సరీ మూడు మెట్లూ ఎక్కి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. నేను గుర్తు పట్టలేదు. అతను నన్ను గుర్తు పట్టాడు. సీసా తీసుకుని పంపించేశాను.

హైమ

*

బొంతపల్లి
15-7-1976

హైమావతికి,

దేవమ్మను పెద్ద దవాఖానకు పంపిన. నాలుగు గ్రాములే ఉన్నదట. భర్తీ చేసుకున్నరు. పోచయ్యది గీ సీసల పంపుతున్న, రాజవ్వ మేనల్లుడు సత్తయ్య తెస్తడు.

నువ్వొకటి రాయలె హైమా. పోచయ్య నీకు సీస ఇచ్చి, “అమ్మా, గీసారన్న మూత తీస్తరా?” అని అడిగిండట గద. నువ్వు సీస తీసుకొని లోపలికి పోయినవట.

నన్ను కూడ ఒక మాట ఒప్పుకోనియ్యి. గిది నాకు జూన్లనే తెలుసు. మొదటి ఉత్తరం రాసే ముందే పోచయ్య చెప్పిండు. ఏప్రిల్ల తన సీస బల్ల మీద, మోదుగాకు చుట్టినట్టే ఉన్నదట. దారం గూడ విప్పలేదట. చిట్టీ మాత్రం చేతుల వెట్టిన్రట. నేను నమ్మలె. “హైమ గట్ల జేసే మనిషి గాదు, నువ్వు వేరేటోళ్ల సీస సూసి ఉంటవ్” అని వాన్నే కసిరిన. నిన్ను అడగనీకి మొకం చెల్లక, తిప్పి తిప్పి రాసిన.

ఇప్పుడు సక్కగ అడుగుతున్న. నువ్వు సూసినవా, సూడలేదా?

కౌసల్య

*

పటాన్‌చెరు
22-7-1976

అక్కా,

చూడలేదు.

వారం నుంచి కాగితాలు చించుతున్నాను. ఆ ఒక్క మాట రాశాక మిగిలింది రాయగలుగుతున్నాను.

ఆ రోజు అరవై రెండు మంది. పొద్దున్నించీ మబ్బు. రక్తాలు ముందు చేశాను, ఎందుకంటే డాక్టరుగారు చూసేది అదే. మూడు గంటలకి వచ్చి, “మోషన్ ఎవడిక్కావాలమ్మా, కాలమ్ నింపు. సాయంత్రానికి లిస్టు మేనేజరు టేబుల్ మీదుండాలి” అన్నారు. ఇరవై దాకా చూశాను. తర్వాత వరసగా నిల్, నిల్ అని రాసుకుంటూ పోయాను. సీసాలన్నీ గోతిలో పోయించాను.

ఆ ఒక్క రోజే అయితే డాక్టరుగారి మీదకి తోసేద్దును. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే చేశాను. ఏప్రిల్, మే నెలల్లో సగానికి పైగా చూడకుండా రాసినవే. మొదటి రెండు రోజులూ ఇంటికొచ్చాక అన్నం దిగలేదు. మూడో రోజు దిగింది. నాకు భయం వేసేది అక్కడే. అలసట అని రాస్తే నువ్వు జాలిపడతావు. అలసట ఉంది, కాదనను. కానీ అడిగేవాళ్ళు లేరన్న ధైర్యం కూడా ఉంది. కూలి మనిషి చిట్టీ పట్టుకుని వెనక్కొచ్చి, నువ్వు చూశావా అని అడుగుతాడని నేననుకోలేదు.

పోచయ్యది సీసా వచ్చిన రోజే చూశాను. దేవమ్మకన్నా ఎక్కువున్నాయి. ఏప్రిల్లోనే రాసి ఉంటే అప్పుడే మందు పడేది, మూడు నెలలు ఇనుము మాత్రలు మింగితే ఈపాటికి మళ్ళీ మెడికల్‌కి నిలబడేవాడు. అతనికి ఉందంటే భార్యని కూడా అప్పుడే చూపించేదానివి నువ్వు.

దేవమ్మ ఎలా ఉందో రాయి. ఏం రాయాలనిపిస్తే అది రాయి.

హైమ

*

బొంతపల్లి
19-8-1976

హైమావతికి,

దేవమ్మకు పదకొండో తారీకు నొప్పులొచ్చినయి, నెల తక్కువ. ఆడపిల్ల. పుట్టినంక ఏడ్వలె.

తల్లి బతికింది. రెండు సీసల రక్తం ఎక్కిచ్చిన్రు. ఒకటి నేనిచ్చిన. ఇంకొకటి మీ ఫ్యాక్టరీల పనిచేసే నరసరాజు అనే పెద్దమనిషి ఇచ్చిండు. వాళ్ల చెల్లె పక్క మంచంల ఉండె. పోచయ్య ఇస్తనని చెయ్యి సాపిండు గాని, ఆయన మొకం జూసి డాక్టరమ్మ, “నీకే ఎక్కియ్యాలె, కూసో” అన్నది.

పిల్లను పోచయ్యే తువ్వాలల చుట్టుకొని బస్సుల తెచ్చిండు. నేను పక్కన కూసున్న. పటాన్‌చెరుల బస్సు ఆగింది. నీ దవాఖాన రేకులు కనిపిచ్చినయి. పోచయ్య గటు సూడలె. నేను సూసిన.

రాజవ్వ, కోడలు మన్ను తిని పిల్లను సంపుకున్నదని ఊరంత చెప్తున్నది. దేవమ్మ తల దించుకొని వింటది. రక్తం లేకనే గట్ల మన్ను మీదికి పాణం గుంజుతదని చెప్పిన. నా మాట ఎవరింటరు?

నిన్ను తిట్టాలెనని కూసున్న. తిట్టనీకి కూడ బలం లేదు. ఒక్కటే అడుగుత. గా రెండు నెలల్ల రక్తం తక్కువని ఎంతమందిని ఎల్లగొట్టిన్రు? వాళ్లేరి?

కౌసల్య

*

పటాన్‌చెరు
2-9-1976

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి పోలేదు. మూడో రోజు వెళ్ళి రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను.

రక్తం తక్కువని వెనక్కి పంపినవాళ్ళు పందొమ్మిది మంది. మోషన్ నిల్ అని ఉన్నది పందొమ్మిది మందికీ. పేరూ ఊరూ రాసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. బొంతపల్లి చుట్టుపక్కల పదకొండు, ఇస్నాపూర్లో అయిదు, కిష్టారెడ్డిపేటలో మూడు. నీ వైపు వాళ్ళని నువ్వు వెతుకు. మిగతావాళ్ళ ఇళ్ళకి నేను తిరుగుతాను.

డాక్టరుగారికి చెప్పాను. చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నారు.

“ఎవరికైనా చెప్పావా?”

“బొంతపల్లి నర్సుకి తెలుసండి.”

“అక్కడితో ఆపు. కొత్త యూనిట్ లిస్టు మూసేశారు. ఇప్పుడు తవ్వితే నీ ఉద్యోగమే కాదు, మీ ఆయన సూర్యప్రకాశరావు ఉద్యోగం కూడా చూసుకోవాలి.” లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “ఆదివారం ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటుందో నేను పట్టించుకోను” అన్నారు. అంతవరకే ఆయన చేయగలిగింది.

ఇంట్లో చెప్పాను. మా ఆయన కంచం ముందునుంచి లేచిపోయారు. “అందరూ చేసేదే. ఊరందరికీ చాటుకోవడం ఎందుకు?” అన్నారు. నిన్న మేనేజరుకి ఉత్తరం ఇచ్చాను. నేను చూడకుండా రాశానని, ఆ పందొమ్మిది మందికీ వైద్యం చేయించి మళ్ళీ మెడికల్‌కి పిలవాలని. అందులో డాక్టరుగారి మాట రాయలేదు. రాయాలో వద్దో ఇప్పటికీ తెలియడం లేదు.

ఆదివారాలు పొద్దున్నే సీసాలు పంపించు. ఎండ ఉన్నంతసేపూ చూస్తాను.

దేవమ్మ దగ్గరికి వస్తాను. నువ్వు రమ్మన్నప్పుడే.

హైమ

*

బొంతపల్లి
30-11-1976

చెల్లె హైమా,

నువ్వు వచ్చిపోయి మూడు వారాలాయె. ఏం రాయాలెనో తెల్వక ఇన్ని దినాలు రాయలె.

ముందుగాల లెక్క చెప్త. పందొమ్మిదిల పదిహేడు మంది దొరికిన్రు. ఒకరు బొంబాయి పోయిన్రు, ఒకరు సచ్చిపోయిండు, కిష్టారెడ్డిపేట ఆయన. దేనితోనో ఇంటోళ్లకు తెల్వదు. పదిహేడుల పద్నాలుగు మందికి నువ్వు పురుగుందని రాసినవ్. అందరికి మందు పడ్డది. పోచయ్యకు రక్తం పదిన్నరకు వచ్చింది. మొన్న బోరింగు కాడ ఆరు బిందెలు మోసి, కూసోకుంట నడిచి పోయిండు.

నీ ఉత్తరానికి మేనేజరు అయిదుగురిని మల్ల మెడికల్‌కు పిలిచిండు. ముగ్గురిని తీసుకున్నరు. పోచయ్య పేరు రాలె. లోడింగుల కాంట్రాక్టు కింద పోతున్నడు. పర్మినెంటు గాదు. “వచ్చిన కాడికి వచ్చింది అక్కా” అన్నడు. వాని గొంతుల సంతోషం లేదు, కోపం లేదు.

ఇగ దేవమ్మ. నువ్వు వాళ్లింట్ల నిలవడి, “సీసా మూత తీయకుండా రాసింది నేనే, నీ బిడ్డ పోవడంలో నా తప్పుంది” అని చెప్పినప్పుడు ఆమె చిక్కుడుకాయ తుంచుకుంట కూసున్నది. తలెత్తలె. “గప్పుడు చెప్పక ఇప్పుడెందుకు చెప్తున్నవమ్మ?” అన్నది. నువ్వు చెప్పులేసుకొని బస్సు దాంక నడిచినవ్. నేను కూడ నిన్ను ఓదార్చలె. కావాలెననే ఓదార్చలె.

నువ్వు పోయినంక రాజవ్వ నిన్ను మస్తు తిట్టింది. తిట్టి తిట్టి అలిసినంక దేవమ్మ ఆమె దిక్కు సూసి, “అయితె నేను మన్ను తిని సంపలేదు గద?” అన్నది. దేవమ్మ మల్ల అడిగింది. మూడుసార్లు అడిగింది హైమా. మూడోసారికి రాజవ్వ, “లేదు బిడ్డా” అన్నది. గప్పుడు ఏడ్చింది పిల్ల. ఆగస్టు సంది మొదటిసారి.

నిన్న నేను పోతె అన్నది, “ఆమెను మాఫ్ జెయ్య అక్కా. గాని ఆమె రాకపోయుంటె నన్ను నేనే తిట్టుకుంట సచ్చిపోతుంటి.” ఉన్నదున్నట్టు రాసిన. కలిపింది లేదు, తీసింది లేదు.

నిన్ను పని నుంచి తీసేసిన్రని నరసరాజు చెప్పిండు. నువ్వు రాయలె. మీ ఆయన ఏమంటున్నడు? తిండి తింటున్నవా?

కౌసల్యక్క

*

సంగారెడ్డి
12-2-1977

అక్కా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. దేవమ్మ అన్న మొదటి మాటా నిజమే, రెండోదీ నిజమే.

అక్టోబరు ఆఖరులోనే నా సేవలు అవసరం లేదని కాగితం ఇచ్చారు. నీ దగ్గరికి వచ్చిన రోజు చెబితే, జాలి కోసం వచ్చినట్టుంటుందని చెప్పలేదు. ఆయన నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. పండగ వెళ్ళాక ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చి, సంగారెడ్డిలో మిషన్ వాళ్ళ చిన్న దవాఖానాలో ల్యాబ్ మనిషి కావాలట అని మాత్రం చెప్పి స్నానానికి వెళ్ళారు. సోమవారం చేరాను. పొద్దున ఏడు గంటల బస్సుకి బయల్దేరి, చీకటి పడేవేళకి ఇల్లు చేరుతున్నాను. నడుము పడిపోతోంది.

ఇక్కడా మైక్రోస్కోపు ఒకటే, అదీ కిటికీ దగ్గరే. పెద్ద నర్సు పద్మావతిగారు మంచి మనిషి, నోరు మాత్రం పెద్దది. నిన్న సంత రోజు కావడంతో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు విరగబడ్డారు. నలభై ఒక్క సీసాలు. వెలుతురు పోయేసరికి ఇరవై ఏడు చూశాను. కళ్ళు మండుతున్నాయి. మిగిలిన పద్నాలుగు సీసాల్లో, గుడ్లు మర్నాటిదాకా చెడకుండా ఫార్మలిన్ మందు చుక్కలు వేసి, మూతలు బిగించి, ఆ పద్నాలుగు పేర్ల ఎదుటా ‘చూడలేదు’ అని రాసి సంతకం పెట్టాను.

పద్మావతిగారు రిజిస్టరు పట్టుకుని వచ్చారు.

“ఇదేం రిపోర్టమ్మా? ఉంటే ఉందని రాయి, లేకపోతే లేదని రాయి. చూడలేదని ఎవరైనా రాస్తారా?”

“చూడలేదండి, అందుకే రాశాను.”

“మరి వాళ్ళకేం చెప్పను? వరండాలో కూర్చున్నారు.”

నేనే బయటికి వెళ్ళి చెప్పాను. వెలుతురు పోయింది, మీవి చూడలేకపోయాను, రేపు రావాలి అని. గొణుక్కున్నారు. జోగిపేట వైపు నుంచి వచ్చిన సంగమ్మ అనే ముసలావిడ, బస్సు ఛార్జీ ఎవడిస్తాడని నా మీద చేతులు తిప్పింది. ఆవిడ తిడుతున్నంతసేపూ నిలబడ్డాను. చివరికి, దవాఖానా అరుగు మీదే పడుకుంటానని కొంగు పరుచుకుంది.

ఇవాళ పొద్దున నేను వచ్చేసరికి ల్యాబ్ తలుపు దగ్గరే కూర్చుని ఉంది. ఎండ ఇంకా కిటికీ దాకా రాలేదు. తాళం తీసి, ఆవిడ సీసా మొదట తీశాను.

హైమ